కొంచెమే మిస్!

రఫ్ నోటులోంచి చించిన ఆరు కాగితాలు. రెండు వైపులా రాసి, చాలక మార్జిన్లలో నిలువుగా కూడా రాసిన ఉత్తరం చెన్నై నించి వచ్చింది. రాసింది తొమ్మిదో తరగతి అమ్మాయి. పేరు వేయొద్దంది, వేయడం లేదు. ఉత్తరంలో ఉన్న స్నేహితురాలికి తెలుగు చదవడం రాదట. అయినా ఎవరూ ఆనవాలు పట్టకుండా ఒకటి రెండు వివరాలు నేనే అటూ ఇటూ చేశాను.

సంగతి ఇదీ. రెండేళ్ళ కిందట నాన్నగారికి బదిలీ అయి నెల్లూరు నించి వచ్చారు. ఇల్లు వెస్ట్ మాంబళంలో, బడి రైలు పట్టాలకి అవతల టి.నగర్‌లో. అంతా ఆడపిల్లలే చదివే బడి. ఏడో తరగతిలో చేరిన మొదటి రోజు తమిళ్ మిస్ దగ్గరికి పిలిచి ప్రేమగా "నల్లా ఇరుక్కియా?" అని అడిగింది. బాగున్నావా అని. మన పిల్లకి వినిపించింది 'నల్ల' ఒక్కటే. చెయ్యి ముందుకి చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకుని, "కొంచెమే మిస్" అంది. కొంచెం అన్న మాట తమిళంవాళ్ళకీ కొంచెమే కాబట్టి, పాపం ఆ మిస్ ఈ పిల్లకి ఒంట్లో బాగాలేదనుకుని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల ఒకతె వెనక బెంచీలోంచి లేచి అసలు సంగతి విడమరిచి చెప్పింది. ఇక ఆ పీరియడంతా నవ్వులే. "నేను కూడా నవ్వాను మేడం. ఇంటర్వెల్లో బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను" అని రాసింది.

ఆ వారమే 'గొల్టి' అన్న పేరు తగిలించారు. తెలుగువాళ్ళని చెన్నైలో వెక్కిరించే మాట అది. ఈ అమ్మాయి ఊరుకోలేదు. రఫ్ నోటు వెనక పేజీలో రెండు గళ్ళు గీసి, తనే పైన 'గొల్టి డిక్షనరీ' అని రాసుకుంది. వాళ్ళన్న మాట ఒక గడిలో, తనకి వినిపించింది ఇంకో గడిలో. నాకు కొన్ని పంపింది. రొంబ: వాళ్ళకి చాలా, మనకి జలుబు. ఇరుక్కు: వాళ్ళకి ఉంది, మనకి ఇరుక్కుపోవడం, పొద్దున బస్సులో రెండూ ఒకటే. మొక్కై: వాళ్ళకి పేలని జోకు, మనకి చెట్టు పిల్ల, నీళ్ళు పోసినా జోకు ఎదగదు. కడుప్పు: వాళ్ళకి చిరాకు, మనకి పొట్ట, లంచ్ ముందు మేథ్స్ పీరియడ్‌లో రెండూ ఒకేచోట.

క్లాసుకి ఇది పిచ్చపిచ్చగా నచ్చింది. రఫ్ నోటు పోయి లాంగ్ సైజు నోటు వచ్చింది. రోజూ మూడో పీరియడ్‌లో అట్లాసులో దాక్కుని మొదటి బెంచీ నించి ఆఖరి బెంచీ దాకా ప్రయాణం చేసేది. అయితే మాటలు ఎన్నని దొరుకుతాయి? సరుకు అయిపోయింది. అప్పుడు టీచర్ల మీదకి వెళ్ళింది. మేథ్స్ మిస్ ఒక్క పీరియడ్‌లో 'అండర్‌స్టాండ్?' అని 37 సార్లు అన్నదని గీతలు గీసి లెక్క కట్టింది. సైన్స్ మిస్ ప్రతి మంగళవారం ఒకే చీర కడుతుందని రాసింది. ఆ తర్వాత క్లాసు పిల్లల మీదకి.

ఇక్కడే అసలు చిక్కు. ఈ అమ్మాయికి ప్రాణస్నేహితురాలు ఒకతె ఉంది, తమిళమ్మాయి. కాస్త బొద్దుగా ఉంటుంది. వేసవి సెలవల్లో ఇంట్లోవాళ్ళ మొక్కు ఉంటే తిరుపతి వెళ్ళి తల నీలాలు ఇచ్చి వచ్చింది. తమిళంలో గుండు అంటే లావు, తెలుగులో గుండు అంటే బోడితల. "మేడం, రెండు భాషల్లో ఒకే మనిషికి సరిపోయే మాట అదొక్కటే దొరికింది. రాయకుండా ఉండలేకపోయాను." రాసింది. నోటు తిరిగింది. క్లాసంతా నవ్వింది, ఆ అమ్మాయి కూడా నవ్వింది. మర్నాడు బోర్డు కనిపించడం లేదని చెప్పి ముందు బెంచీకి మారిపోయింది. ఇంటికి వెళ్ళేటప్పుడు దురైసామి సబ్‌వేలో పది అడుగులు ముందు నడుస్తోంది. నాలుగు రోజుల తర్వాత పి.టి. పీరియడ్‌కి కిందకి వెళ్ళి వచ్చేసరికి నోటు లేదు.

నోటు స్నేహితురాలే తీసిందా? తమిళ్ మిస్ దగ్గర ఉందా? హాజరు పిలిచేటప్పుడు ఆ మిస్ ఈ మధ్య తన పేరు దగ్గర ఒక్క క్షణం ఆగుతోందట. హెచ్.ఎం. దాకా వెళ్తే టి.సి. ఇచ్చేస్తారా? మరోపక్క ఇలక్కియ మన్రం (బడిలో సాహిత్య సంఘం) రోజున స్టేజి మీద ఈ డిక్షనరీనే కామెడీ ఐటంగా చెయ్యమని క్లాసంతా పట్టుబడుతోంది. ఆఖరి కాగితంలో ప్రశ్న: "ఒప్పేసుకోవాలా? అది కూడా నవ్వింది కదా, మరి నేను తప్పు చేసినట్టేనా? జోకులు మానేస్తే మళ్ళీ ఉత్త గొల్టిని అయిపోతాను. అప్పుడు నాతో ఎవరు మాట్లాడతారు?"

అమ్మాయీ,

ముందు నీ డిక్షనరీ సంగతి. బాగుంది. నేను చదివి నవ్వుతుంటే వంటింట్లో పిండి రుబ్బుతున్న మా చెల్లెలు గ్రైండర్ ఆపి వచ్చింది. ఇద్దరం అక్కడే, ఆడపిల్లల బళ్ళోనే చదివాం, ఊరి పేరు ఇంకా మద్రాసుగా ఉన్న రోజుల్లో, పావడా దావణీలు కట్టుకుని. 'అవసరం' ఎందుకు రాయలేదో అడగమంది. మా నాన్నగారు మాంబళం స్టేషన్ బయట రిక్షా అతన్ని వదిలించుకోవడానికి తనకొచ్చిన తమిళంలో "అవసరం ఇల్లె" అన్నారు. మనకి అవసరం అంటే కావలసి ఉండటం, వాళ్ళకి తొందర. తొందరేమీ లేదు అంటున్నాడు పెద్దాయన అనుకుని ఆ రిక్షా అతను చెట్టు కింద బండి ఆపి బీడీ వెలిగించాడు. నాన్నగారు టీ తాగి వచ్చేసరికి వెయిటింగ్ చార్జీ అడిగాడు. కావాలంటే రాసుకో, ఇది మా ఇంటి సొమ్ము, ఎవరూ నొచ్చుకోరు.

ఇప్పుడు చిక్కులు విప్పుదాం. నువ్వు అన్నీ కలిపి 'ఒప్పుకోవాలా వద్దా' అని ఒకటే ప్రశ్న వేశావు. నీ ఉత్తరంలో మనుషులు నలుగురున్నారు. ఒక్కొక్కరి లెక్క వేరు.

టి.సి. భయం ముందు తీసేద్దాం, ఎందుకంటే నీకు రాత్రి నిద్ర పట్టనివ్వనిది అదే, వీటన్నిటిలో తేలికైనదీ అదే. నేను చూసినంతలో ఇలాంటి నోటు దొరికితే జరిగేది ఇంత: స్టాఫ్ రూంకి పిలుస్తారు. నలుగురు టీచర్లు టిఫిన్ డబ్బాలు ముందు పెట్టుకుని నిన్ను ఎగాదిగా చూస్తారు. ఒకరు బాగా తిడతారు. మహా అయితే ఇంట్లోవాళ్ళని తీసుకురమ్మంటారు. నువ్వు బయటికి వెళ్ళాక అందులో ఇద్దరైనా నవ్వుకుంటారు. ఇదంతా ఒక పూట పని. తమిళ్ మిస్ నీ పేరు దగ్గర ఆగడం గురించి కూడా ఎక్కువ ఆలోచించకు. గిల్టీగా ఉన్నప్పుడు ఫ్యాన్ చప్పుడు కూడా మన పేరే పిలుస్తున్నట్టుంటుంది. ఆవిడ కళ్ళజోడు జారి ఉండొచ్చు.

ఇక స్నేహితురాలు. 'అది కూడా నవ్వింది కదా' అని రెండు చోట్ల రాశావు, ఒకచోట కింద గీత కూడా గీశావు. సరే. నీ ఉత్తరం మొదటి కాగితం నీకే చదివి వినిపిస్తాను. "నేను కూడా నవ్వాను మేడం. ఇంటర్వెల్లో బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను." నలభైమంది మనల్ని చూసి నవ్వుతున్నప్పుడు మనం ఏ నవ్వు నవ్వుతామో నీకు ఒకళ్ళు చెప్పాలా? ఆ అమ్మాయి ఇంటర్వెల్లో ఎక్కడికి వెళ్ళిందో నువ్వు చూడలేదు. వెళ్ళిందని నేను అనడం లేదు. నీకు తెలియదు అంటున్నాను.

ఇంకోటి. నీ ఉత్తరంలో ఒక వాక్యం దాటిపోబోయి మళ్ళీ వెనక్కి వచ్చి చదివాను. జడలు లేకపోయినా యూనిఫాంలో రిబ్బన్లు ఉండాలని రూలు కాబట్టి, ఆ అమ్మాయి రెండు రిబ్బన్లూ చుట్ట చుట్టి జామెట్రీ బాక్సులో కంపాస్ పక్కన పెట్టుకుని రోజూ బడికి తెచ్చేదని రాశావు. ఎవరైనా అడిగితే తీసి చూపించడానికి. నువ్వు దాన్ని తమాషాగానే రాశావు, తమాషాగానే ఉంది కూడా. కానీ రెండు జడలు మడిచి కట్టిన నలభై తలల మధ్య ఒక్క తల మాత్రం నున్నగా ఉంటే ఎలా ఉంటుందో ఆ జామెట్రీ బాక్సు చెప్పినంత బాగా నేను చెప్పలేను. బక్క పిల్ల గుండు చేయించుకున్నా ఒక్క భాషలోనే నవ్వుతారు. ఆ అమ్మాయిని రెండు భాషల్లోనూ నవ్వారు, ఆ రెండో భాష నువ్వు తీసుకెళ్ళి ఇచ్చావు.

నేనూ ఒకటి చెప్పుకోవాలి. మా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. ఒకరోజు హిస్టరీ పీరియడ్‌లో అందరూ నిశ్శబ్దంగా నోట్సు రాసుకుంటుంటే డబ్బాలోంచి అప్పడం ముక్క తీసి నోట్లో వేసుకుంది. ఆ కరకరకి ముందు బెంచీ నించి టీచరు దాకా అందరూ తిరిగి చూశారు. ఆ పూటే నేను దానికి 'అప్పడం' అని పేరు పెట్టాను. పది పూర్తయ్యేదాకా అదే పేరు. దానికి కోపం వచ్చినట్టు ఎప్పుడూ కనపడలేదు, పిలిస్తే పలికేది. చాలా ఏళ్ళ తర్వాత మాంబళంలోనే ఒక పెళ్ళిలో బంతిలో పక్కపక్కన కూర్చున్నాం. వడ్డించేవాడు ఆకులో అప్పడం వేసి వెళ్ళాడు. అది మాటల మధ్యలోనే దాన్ని తీసి పక్కనున్న మనవడి ఆకులో వేసింది. ఇష్టం లేదా అని అడిగాను. "ఇష్టమే. నలుగురిలో విరవను" అంది. నలభై ఏళ్ళ నించీ విరవలేదట. కోపంగా అనలేదు, సాంబారు పొయ్యమన్నంత మామూలుగా అంది. నాకు ఆ రోజు పాయసం దాకా ఏం తిన్నానో గుర్తు లేదు. నేను ఆలస్యంగా తెలుసుకున్నాను, నీకింకా ఆ అమ్మాయి పది అడుగుల దూరంలోనే ఉంది.

నోటు ఎవరు తీశారన్నది వెతకొద్దు అనే అంటాను. వెతికితే ఏమవుతుందో చెప్తాను, తర్వాత నీ ఇష్టం. ఎవరి బ్యాగు తెరిచి చూసినా, నోటు దొరికినా దొరక్కపోయినా, బ్యాగులు తెరిచే పిల్లవని పేరొస్తుంది. స్నేహితురాలిని "నువ్వే తీశావా?" అని అడిగితే, తియ్యకపోతే నీ మీద ఇంకో కోపం, తీసి ఉంటే అబద్ధం చెప్పాల్సిన అవస్థ. నా అనుమానం వేరే. తన గురించి ఏం రాశావో అన్న భయంతో ఇంకెవరో తీసుకుని ఉంటారు. నీ వరస చూస్తే తర్వాత వంతు ఎవరిదో అని చాలామందికి గుబులుగానే ఉండి ఉంటుంది. క్లాసంతా నవ్వుతోంది అని నువ్వు అనుకున్న నవ్వులో సగం, ఈ రోజు నేను కాదులే అన్న నవ్వు.

మిస్‌ల విషయంలో నీకు రెండు దారులున్నాయి. ఒకటి, నోటు ఎవరి దగ్గరో బయటపడే వరకూ ఊరుకోవడం. బయటపడకపోతే గొడవే లేదు. పడితే మాత్రం 'దొరికిపోయిన పిల్ల' అవుతావు, అప్పటిదాకా రోజూ హాజరు సమయంలో గుండె దడ. రెండోది, నువ్వే తమిళ్ మిస్ దగ్గరికి వెళ్ళి ఇలా ఒక నోటు రాశాను, పోయింది అని చెప్పడం. తిట్లు ఖాయం. కానీ మొదటి రోజు నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూసిన మనిషి ఆవిడ. తిట్టినా ఆ చేత్తోనే తిడుతుంది. ఆవిడకి ముందే తెలిసి ఉంటే, తర్వాత ఎక్కడ బయటపడినా నీ తరఫున ఒక మాట అనడానికి స్టాఫ్ రూంలో ఒకరు ఉంటారు. నాకు రెండోదే నచ్చుతుంది, కానీ ఇది స్నేహితురాలి పని అయ్యాకే. వరస మారిస్తే 'మిస్‌కి తెలిసిపోతుందని నా దగ్గరికి వచ్చింది' అని ఆ అమ్మాయి అనుకోవడానికి ఆస్కారం ఉంది.

రాసిన వాటిలో కూడా తేడా ఉంది, అది నీకు తెలియాలి. 37 అండర్‌స్టాండ్‌ల లెక్క మేథ్స్ మిస్‌కి చూపిస్తే ఆవిడ మర్నాడు ముప్పైకి తగ్గించుకుంటుంది, అంతే. అది ఆవిడ పది మందిలో చేసేది, మార్చుకోగలిగేది. మంగళవారం చీర అలాంటిది కాదు. ఆ చీర ఎందుకు వస్తోందో నీకు తెలియదు. మొక్కు కావొచ్చు, ఇష్టం కావొచ్చు, ఇంట్లో ఇస్త్రీ చేసిన చీరలు అన్నే ఉండి ఉండొచ్చు. అది రాసినందుకు ఎవరికీ చెప్పక్కర్లేదు, సైన్స్ మిస్‌కి అసలే చెప్పకు. ఆవిడకి తెలియని బాధ ఆవిడకి తీసుకెళ్ళి ఇచ్చినట్టవుతుంది. నువ్వు మాత్రం ఆ లైను గుర్తు పెట్టుకో.

స్నేహితురాలితో ఎలా మాట్లాడాలి? నువ్వు అడగలేదు కానీ అడిగినట్టే లెక్క. దురైసామి సబ్‌వేలో మాత్రం వద్దు. ఆ ఆటోల హారన్లలో క్షమాపణ కూడా అరిచి చెప్పాలి. వాట్సాప్‌లో వద్దు, ఏడుపు బొమ్మలు పెట్టి ఊరుకుంటావు. క్లాసులో అందరి ముందూ వద్దు. అందరి ముందూ సారీ అంటే, ఆ అమ్మాయి అందరి ముందూ 'ఫర్వాలేదు' అనాల్సి వస్తుంది, అది రెండోసారి నవ్వించడం లాంటిదే. బడి గేటు బయట మామిడికాయ ముక్కలకి ఉప్పూ కారం అద్ది అమ్మే బండి ఉంటుంది కదా, మా రోజుల్లో ఇలందవడ (రేగిపళ్ళ వడ) అమ్మేవాళ్ళు, అక్కడో, మీ మేడ మీదో, ఇద్దరే ఉన్నప్పుడు. "నువ్వు ఫీలయ్యావా?" అని మొదలుపెట్టకు. ఆ ప్రశ్నకి ఎవరైనా లేదనే అంటారు. జోకు ఎంత బాగా కుదిరిందో వివరించకు, నాకు రాసినప్పుడు కూడా ఆ మాట చెప్పకుండా ఉండలేకపోయావు. "గుండు అని రాశాను, రాయకూడదు. మన్నిచ్చిడు" అను. తమిళంలోనే అను, తప్పులు వచ్చినా సరే. మన్నించు, మన్నిచ్చిడు. నీ డిక్షనరీలో ఈ మాటకి రెండో గడి అక్కర్లేదు.

ఆ తర్వాత ఏమవుతుంది? బెంచీకి తిరిగి వచ్చేయొచ్చు. రాకపోవచ్చు కూడా. "పరవాయిల్లె" అని ఊరికే అని, ఇంకో నెల రోజులు పది అడుగులు ముందే నడవొచ్చు. నువ్వు సారీ చెప్పావు కాబట్టి ఆ అమ్మాయి వెంటనే మామూలైపోవాలని లెక్క లేదు. ఇంకో సంగతి: దానికి నిజంగానే బోర్డు కనపడటం లేదేమో! తొమ్మిదో తరగతిలోనే నాకూ కళ్ళజోడు వచ్చింది, అది వచ్చేదాకా నేనూ ముందు బెంచీ కోసం కొట్టుకున్నాను. ప్రపంచంలో జరిగేదంతా నీ నోటు వల్లే జరగదమ్మా.

నీ ఆఖరి కాగితంలో ఉన్నది మాత్రం చిన్న భయం కాదు. జోకులు మానేస్తే ఎవరు మాట్లాడతారు అన్నది. బదిలీల మీద ఊళ్ళు మారిన ప్రతి పిల్లా ఏదో ఒకటి చేసి చోటు సంపాదిస్తుంది. ఒకతె ఫస్ట్ ర్యాంకుతో, ఒకతె అందరికీ రికార్డు బొమ్మలు వేసిపెట్టి, నువ్వు నవ్వించి. నవ్వించడం ఆపితే ఆ చోటు ఖాళీ చేయిస్తారేమో అని నీ భయం, అందుకే సరుకు అయిపోయినా దుకాణం తెరిచే ఉంచావు. నీ ఉత్తరంలోనే తేదీలు చూడు. స్నేహితురాలు నీ పక్కన వచ్చి కూర్చుంది చేరిన రెండో రోజున. డిక్షనరీ మొదలైంది ఆ తర్వాత వారానికి. తమిళనాడులో 2006లో చట్టం వచ్చాక బళ్ళలో తమిళం నేర్చుకోక తప్పదు, నీకేమో అక్షరాలు కూడా రావు. సాయంత్రాలు మీ మేడ మీద కూర్చుని అరిచ్చువడి దగ్గర్నించి నేర్పింది ఆ అమ్మాయే అన్నావు. మన ళ కాకుండా, మనకి నోరు తిరగని ఆ తమిళ 'ழ' కోసం "ఏళై కిళవన్ వాళప్పళ తోల్ మేల్ వళువళుక్కి విళుందాన్" అని, పేద ముసలాయన అరటితొక్క మీద జారిపడే మాట, వందసార్లు అనిపించిందన్నావు. అప్పటికి నువ్వు ఒక్క జోకూ వెయ్యలేదు. అంటే క్లాసులో నీకు దొరికిన మొదటి చోటు ఉత్త గొల్టికి దొరికిందే.

గొల్టి మాట వచ్చింది కాబట్టి. అది మంచి మాట కాదు, నీకు కష్టంగా ఉంటే వద్దని చెప్పొచ్చు, నువ్వే నోటు మీద రాసుకున్నావు కాబట్టి అడిగే హక్కు పోయిందనేం లేదు. కాకపోతే మన ఇళ్ళలో 'అరవగోల' అన్న మాట ఎంత తేలిగ్గా వస్తుందో కూడా ఒకసారి విను. ఆ ఊళ్ళో నువ్వు మరీ పరాయిదానివి కూడా కాదు. నువ్వు రోజూ తిరిగే టి.నగర్‌లో 'టి' అంటే త్యాగరాయ చెట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడినాయనే. పానగల్ పార్కు పేరు కాళహస్తి వైపు నించి వచ్చిన పానగల్ రాజాది, 1921 నించి 1926 దాకా అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రి. గొడవ పడటానికి కాదు ఇది చెప్పడం. బస్సు దిగేటప్పుడు కాస్త ధీమాగా దిగుతావని.

స్టేజి ఐటం సంగతి. చెయ్యనని చెప్పొచ్చు, క్లాసు రెండు రోజులు గునిసి ఇంకో ఐటం వెతుక్కుంటుంది. చెయ్యొచ్చు కూడా, మనుషుల్ని తీసేసి మాటలు మాత్రం ఉంచుకుంటే. ఆ మాటల్లో సరుకు నువ్వనుకున్నదాని కంటే ఎక్కువే ఉంది. అదే ఊళ్ళో మద్రాసు కలెక్టరుగా ఉన్న ఎల్లిస్ అనే దొర 1816లోనే, క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలా ఒక వ్యాసం రాసి, తెలుగు తమిళం కన్నడం ఒక కుటుంబం భాషలని మాటలు పక్కపక్కన పెట్టి చూపించాడు. ద్రావిడ భాషల్ని పోల్చి కాల్డ్‌వెల్ దొర రాసిన పేరున్న పుస్తకం 1856లో, దానికి నలభై ఏళ్ళ తర్వాత వచ్చింది. రెండు గళ్ళు గీసుకోవడం నీతో మొదలవలేదు. ఉప్పు రెండు ఇళ్ళలోనూ ఉప్పే, పులి పులే. అవసరం సంస్కృతం నించి ఇద్దరికీ వచ్చిందే, ఒకరింట్లో తొందరైంది, ఒకరింట్లో కావలసినదైంది. నువ్వు ఒక్కదానివే నిలబడి చెప్తే 'కొంచెమే మిస్' ఒక్కటే చాలు, పడేది నువ్వే కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. ఇద్దరు చేస్తే ఇంకా బాగుంటుంది, తమిళం చెప్పే మనిషి ఒకరు, తప్పుగా వినే మనిషి ఒకరు. ఎవరిని అడగాలని నీ మనసులో ఉందో నాకు తెలుసు. అడగొచ్చు, కానీ సారీ చెప్పిన రోజునే అడగకు, సారీ ఐటం కోసమే చెప్పినట్టుంటుంది. వద్దంటే రెండోసారి అడగకు.

అమ్మకి చెప్పలేనన్నావు, అసలే ఈ ఊరు వద్దంటోంది, ఇది వింటే పెట్టె సర్దేస్తుందని. మొత్తం చెప్పక్కర్లేదు. మొదటి రోజు సంగతి రెండేళ్ళయినా ఇంట్లో చెప్పలేదంటే నాకు ఆశ్చర్యంగా ఉంది. అది చెప్పు. రాత్రి అన్నాలప్పుడు, చెయ్యి తిప్పి చూసుకున్నది కూడా చేసి చూపించు. ఆవిడకీ కూరగాయల బండి దగ్గర ఇలాంటివి పది జరిగి ఉంటాయి, నీతో చెప్పి ఉండదు. ఇద్దరూ ఒకరికొకరు దాచుకుని ఒకే ఇంట్లో తిరుగుతున్నారేమో. ఆ తర్వాత నోటు సంగతి వీలు చూసుకుని చెప్పు, బడి నించి ఫోను వస్తే అప్పుడు వినడం కంటే నయం.

నోటు తిరిగి దొరికితే ఒక పని. మంగళవారం చీర ఉన్న పేజీ చింపి పారెయ్యి. స్నేహితురాలి పేజీ మాత్రం నువ్వు పారెయ్యకు, దానికే ఇచ్చెయ్యి, చించుకుంటుందో దాచుకుంటుందో దాని ఇష్టం. రిబ్బన్ల సంగతి నాకు రాశావు, సరే. ఆ నోటులో రాయకు.